డ్యామేజీ లెక్కలోకి రాదు

జూన్ 4, మధ్యాహ్నం

హాయ్ నేస్తం. ముందు సారీ. నీకు రాసి ఎన్ని నెలలైందో చూసుకుని నాకే సిగ్గేసింది. ఏం చెయ్యను, స్కూళ్లు తెరిచే సీజను. ఈ సీజన్లో బిస్కెట్ల కొట్టులో ఊపిరి పీల్చుకోవాలన్నా టోకెన్ తీసుకుని నిలబడాలి.

ఇప్పుడు ఎవరూ లేరు. ఎండకి రోడ్డు ఖాళీ. పక్క కొట్టు గొడుగుల బాబాయ్ షట్టర్ సగం దించి కునుకు తీస్తున్నాడు. గురక ఇక్కడికి వినిపిస్తోంది. ఈ లోపల గబగబా రాసేస్తా.

విషయం మా మేనేజర్ గురించి.

మేనేజర్ అంటే నా కూతురే. పదేళ్లు. స్కూలు నుంచి రాగానే బ్యాగు ఓ మూల పడేసి కౌంటర్ వెనక ఎత్తు స్టూలెక్కి కూర్చుంటుంది. కవర్లు అయిపోవస్తున్నాయి తెప్పించావా, రస్కుల డబ్బా మూత ఎవరు తెరిచి పెట్టారు, మెత్తబడితే ఎవరు కొంటారు అని నన్నూ వాళ్ల నాన్ననీ కలిపి కడిగేస్తుంది. కస్టమర్లే పెట్టారు ఆ పేరు. ఇప్పుడు స్కూల్లో కూడా అదే. కాస్త బొద్దుగా ఉంటుంది. సరే, నీ దగ్గర దాపరికం ఏముంది, బొద్దు కాదు. లావే. ఆ మాట రాయడానికి ఇవాళ్టిదాకా చెయ్యి రాలేదు.

దగ్గు తగ్గట్లేదని పొద్దున డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లా. ఆవిడ దగ్గు సంగతి ఒక్క నిమిషంలో తేల్చేసి, మేనేజర్ జడ పక్కకి జరిపి మెడ చూసింది. మెడ వెనక నల్లగా, మందంగా, వెల్వెట్ గుడ్డలా ఉంటుంది. నాకు తల కొట్టేసినట్టయింది. పిల్లకి సరిగ్గా స్నానం కూడా చేయించదనుకుంటుందేమోనని గబగబా చెప్పేశా. రోజూ రుద్దుతూనే ఉన్నానండీ, సబ్బైంది, పీచైంది, నిమ్మచెక్కైంది, కాలి మడమలు రుద్దుకునే రాయి కూడా అయింది, మొండి మురికండీ, వదలట్లేదు అని.

డాక్టరమ్మ పెన్ను కింద పెట్టేసింది. అది మురికి కాదమ్మా, ముందు ఆ రుద్దడం ఆపండి అంది. ఒంట్లో ఇన్సులిన్ ఎక్కువైతే చర్మం అలా మారుతుందట. రక్తం పరీక్ష రాసింది. పరగడుపున రమ్మంది.

దారంతా మేనేజర్‌ది ఒకటే పాట. మురికి కాదని నేను చెప్పానా లేదా, చెప్పానా లేదా.

చెప్పింది నేస్తం. బోలెడుసార్లు చెప్పింది.

జూన్ 6

ల్యాబ్‌కి వెళ్లొచ్చాం. పరగడుపు కదా, మేనేజర్ మూడ్ అసలే బాలేదు. రక్తం తీసే కుర్రాణ్ణి నిలబెట్టి ఇంటర్వ్యూ చేసింది. సూది కొత్తదేనా, ప్యాకెట్ నా ముందే చించు, ట్యూబు మీద నా పేరే రాశావా, ఇంకొకళ్లదాంతో కలిసిపోతే బాధ్యత ఎవరిది. పాపం ఆ కుర్రాడు మేడమ్ మేడమ్ అంటూ చెమటలు తుడుచుకున్నాడు.

సూది గుచ్చేటప్పుడు మేనేజర్ ఏడవలేదు. నేనే ఏడ్చా. అమ్మా, ఊరుకో, కస్టమర్లు చూస్తున్నారు అంది.

జూన్ 9, సాయంత్రం

రిపోర్టు వచ్చింది. షుగర్ జబ్బు లేదు. అంతవరకు బతికిపోయాం. కానీ ఇన్సులిన్ ఉండాల్సినదానికన్నా బాగా ఎక్కువుంది. దాని పేరు ఇన్సులిన్ రెసిస్టెన్స్.

మా ఆయన కూడా వచ్చాడు, డెలివరీ వ్యాన్‌ని హాస్పిటల్ గేటుకి అడ్డంగా ఆపి. డాక్టరమ్మకి మేం కొట్టు వాళ్లమని తెలుసు, మా భాషలోనే చెప్పింది. మనం తిన్నది చక్కెరై రక్తంలోకి వస్తుందట. ఒంట్లో ఉన్న కణాలు ఒక్కొక్కటీ ఒక బుల్లి గోదాము. ఇన్సులిన్ వెళ్లి తలుపు తడితే గోదాము తెరిచి సరుకు దింపుకుంటుంది. లోపల మైటోకాండ్రియా అని చిట్టి చిట్టి పొయ్యిలుంటాయి, అవి ఆ సరుకుని కాల్చి శక్తి తయారుచేస్తాయి. వచ్చే సరుకు మరీ ఎక్కువై, ఒళ్లు కదలక, పొయ్యిలు బద్ధకంగా మండుతుంటే గోదాము నిండిపోతుంది. ఇంక తలుపు తట్టినా తియ్యదు. ఒంటికి కంగారు పుడుతుంది, ఇంకా ఇంకా ఇన్సులిన్‌ని పంపిస్తుంది. అందరూ కలిసి తలుపు బాదుతారు. అయినా సగమే తెరుచుకుంటుంది.

మా ఆయన తెగ తలూపాడు గానీ చూపంతా కిటికీలోంచి వ్యాన్ మీదే. నాకు సగం ఎక్కింది. మేనేజర్ మాత్రం కుర్చీ అంచుకి జరిగి, అంటే గోదాములో చోటు లేదని తెలిసి కూడా మనం లారీలు దింపుతూనే ఉన్నామా అని అడిగింది. అంతేనమ్మా అంది డాక్టరమ్మ. మరి ఆర్డర్లు ఎవరు పెడుతున్నారు అంది మేనేజర్. నేనూ మా ఆయనా ఒకేసారి గోడ మీద క్యాలెండర్ వైపు చూశాం.

ముందు పాడయ్యేది పొయ్యా, తలుపా అని కూడా అడిగింది. డాక్టరమ్మ నవ్వేసి, అది పెద్ద పెద్ద సైంటిస్టులకే ఇంకా పూర్తిగా తేలలేదు తల్లీ, అందరూ దానిమీదే కొట్టుకుంటున్నారు అంది.

మూడు నెలలు టైమిచ్చింది. పస్తులు పెట్టకూడదు, ఎదిగే పిల్ల. తీపి డ్రింకులు బంద్. చిరుతిండి బంద్. రోజూ నడక, ఆట. పిల్లకి వేరే, మీకు వేరే కాదు, ఇంటిల్లిపాదికీ ఒకటే తిండి. సెప్టెంబర్‌లో మళ్లీ రక్తం చూస్తుంది. అప్పటికీ ఇన్సులిన్ దిగకపోతే మాత్రల గురించి మాట్లాడదాం అంది. ఇలాగే వదిలేస్తే ఇంకొన్నేళ్లకి షుగరే వచ్చి కూర్చోవచ్చట.

పదేళ్ల పిల్లకి ఈ మాటలేంటి నేస్తం.

జూన్ 10

బిస్కెట్లు అమ్ముకునేదాన్ని. ఎవరితో చెప్పుకోను?

జూన్ 22, ఉదయం, ఇంకా షట్టర్ తియ్యలేదు

ఇంట్లో కర్ఫ్యూ పెట్టేశా. ఫ్రిజ్‌లో డ్రింకు సీసాలన్నీ ఖాళీ చేసి మంచినీళ్లు పట్టా. మా ఆయన టీలో పంచదార మానేశాడు. తాగేటప్పుడు ఆ మొహం చూడాలి, దగ్గరివాళ్లు పోయినట్టు పెడతాడు. అత్తయ్య, అంటే మా ఆయన తల్లి, మాతోనే పై అంతస్తులో ఉంటుంది. ఈ వయసులో నాకు కొత్త రూల్సేంటే, నన్నూ బడికి పంపుతావా ఏంటి అంది. మనవరాలి కోసం అన్నా. సరే, దానికోసమైతే నా నోరు కూడా కట్టేసుకుంటా అంది. తినే నోరే అత్తయ్యా, మాట్లాడే నోరు కూడా అయితే నాకు ఇంకా మంచిది అని మనసులో అనుకున్నా.

రోజూ పొద్దున్నే మేనేజర్‌ని తీసుకుని పార్కుకి. మొదటిరోజు ఆయాసపడుతూ నాలుగో బెంచీ దగ్గర కూలబడి, అమ్మా, ఇక్కడ మన బ్రాంచి పెడదాం అంది. ఇప్పుడు రెండు రౌండ్లు ఆగకుండా నడుస్తోంది.

నిన్న నడుస్తూ నడుస్తూ ఒక సంగతి బయటపెట్టింది. స్కూల్లో పరుగు పందేలప్పుడు డ్రిల్లు సారు ఎప్పుడూ ఈవిడ చేతికి స్టాప్‌వాచ్ ఇచ్చి టైం చూడమంటాడట. ఇన్నాళ్లూ నేను ఎంత మురిసిపోయానో, నా కూతురికి బాధ్యత అప్పజెప్పారని. అమ్మా, ఈసారి నేను పరిగెడితే టైం ఎవరు చూస్తారో మరి అంది. మామూలుగానే అంది. నేను మాత్రం చెప్పు సరిచేసుకుంటున్నట్టు కిందికి వంగి చాలాసేపు లేవలేదు.

జూలై 9, మధ్యాహ్నం

నెల చెకప్. బరువు తగ్గలేదు సరికదా, ఇంకా పెరిగింది.

నాకు మతి పోయింది. డాక్టరమ్మ కోప్పడలేదు. నెమ్మదిగానే, మధ్యలో ఏమైనా తింటోందా, ఆలోచించి చెప్పండి అంది. గుండె మీద చెయ్యేసుకుని చెప్పా, మూడు పూటలా మీరు చెప్పినట్టే పెడుతున్నాను, మధ్యలో మంచినీళ్లు తప్ప ఒక్క మెతుకు లోపలికి పోతే ఒట్టు అని. మా ఆయన వత్తాసు. మేనేజర్ కూడా నిజాయితీగా తలూపింది. డాక్టరమ్మ ఫైల్లో ఏదో రాసుకుంది. ఆ రాసుకోవడమే నాకు గుచ్చుకుంది. మిషన్ తప్పేమో చూడండి అన్నా. మా కాటా అయితే రోజూ చూసుకుంటాం అని కూడా అన్నా. అనకుండా ఉండాల్సింది.

ఇంటికొచ్చాక దొంగ ఎవరా అని మొదలైంది. నా అనుమానం అత్తయ్య మీద. దాచి దాచి పెడుతున్నారా అని అడిగేశా. ఆవిడ లేచి నిలబడింది. నా మోకాళ్లు నా మాటే వినవు, దొంగతనంగా వంటింట్లోకి దూరి దానికి వండి పెడతానా, దొంగవి నువ్వే అయ్యుంటావు, లేదంటే నీ మొగుణ్ణి అడుగు, వ్యాన్‌లో ఎక్కడెక్కడ ఆపి ఏం కొనిపెడుతున్నాడో అంది. మా ఆయనేమో, వ్యాన్‌లో దానికి చోటెక్కడుంది, అన్నీ కార్టన్‌లేగా, అసలు నువ్వే పార్కు నుంచి వచ్చేటప్పుడు పాపం అలిసిపోయిందని ఏదో కొనిపెడుతున్నావ్ అన్నాడు. గోడ అవతలి నుంచి గొడుగుల బాబాయ్, స్కూల్లో టిఫిన్ బాక్సుల ఎక్స్‌చేంజ్ జరుగుతోందేమో కనుక్కోమ్మా అని అరిచాడు. అడిగామా నిన్ను.

మేనేజర్ మెట్ల మీద కూర్చుని అంతా విని, నేనేం తినలేదు, మీరంతా నన్ను దొంగని చేస్తున్నారు అని మెల్లిగా అంది.

జూలై 10

ఒక నిర్ణయం తీసుకున్నా. మేనేజర్ ఇంక కౌంటర్ ఎక్కకూడదు. పొద్దస్తమానం కళ్లెదుట బిస్కెట్లుంటే ఏ పిల్ల మాత్రం ఆగుతుంది. స్కూలు నుంచి రాగానే నేరుగా పైకి, నానమ్మ దగ్గరికి.

స్టూలు లోపల పెట్టేశా. సాయంత్రం వచ్చిన కస్టమర్లు ఒక్కొక్కరూ అడిగారు, మేనేజర్ గారు లీవులో ఉన్నారా అని. ట్రాన్స్‌ఫర్ అయింది అన్నా. నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

జూలై 13

నా కూతురు నన్ను ఆంటీ అని పిలుస్తోంది.

జూలై 16, మధ్యాహ్నం

నేస్తం, ఇవాళ జరిగింది విను. నువ్వు తిరిగి ఒక్క మాట అనవు, అందుకే నీకు చెప్పుకోగలుగుతున్నా.

బేరాల్లేవు. బాధంతా నీకు రాద్దామని కౌంటర్ వెనక కింద చతికిలబడ్డా. మా ఇంట్లో పిల్ల కొలిచినట్టు తింటోంది, ఆ డాక్టరమ్మకి ఏమీ తెలియదు, వేరే డాక్టర్ దగ్గరికి వెళ్తా అని టైపు చేస్తున్నానా, అక్షరాలు సరిగ్గా పడట్లేదు. స్క్రీన్ మీద ఏదో పొడి. తుడిచా. రెండు లైన్లు రాశా. మళ్లీ పొడి. ఫోన్ ఊడిపోతోందేమోనని వెలుతుర్లో పెట్టి చూశా. బిస్కెట్ పొడి. నా వేళ్లకే ఉంది. అప్పుడు నా ఎడం చెయ్యి ఎక్కడుందా అని చూశా.

డ్యామేజీ డబ్బాలో ఉంది.

ఆ డబ్బా గురించి నీకెప్పుడూ చెప్పలేదు కదూ. చెప్పాలని తోచలేదు. అదే అసలు సంగతి. మాకు విడి బిస్కెట్లు పెద్ద డబ్బాల్లో వస్తాయి, తూచి అమ్ముతాం. తూచేటప్పుడు కొన్ని విరుగుతాయి. ప్యాకెట్లు కొన్ని కార్టన్‌లో నలుగుతాయి. విరిగింది ఎవరూ కొనరు. ఆ ముక్కలన్నీ కౌంటర్ కింద నీలం ప్లాస్టిక్ డబ్బాలో వేస్తాం. మామగారి కాలం నుంచీ ఈ కొట్టులో ఒకటే రూలు, డ్యామేజీ లెక్కలోకి రాదు. స్టాకులో రాయం. అమ్మకంలో రాయం. పక్కనుంచి పోతూ పోతూ ఒక గుప్పెడు నోట్లో వేసుకుంటాం. ఎవరూ బిస్కెట్ తిన్నానని అనుకోరు. బిస్కెట్ అంటే గుండ్రంగా, నిండుగా ఉండేది. మేం దాన్ని ముట్టుకోం, అది అమ్మేది. ఇది డ్యామేజీ.

డాక్టరమ్మకి నేను అబద్ధం చెప్పలేదు నేస్తం. నిజంగానే తినట్లేదనుకున్నా.

సరే, కౌంటర్ బంద్ చేశాను కదా, వారంగా పిల్ల పైనే ఉంది కదా అనుకుంటూ షట్టర్ దించి మెట్లెక్కా. స్కూలుకి ఇవాళ సెలవు. పైన అత్తయ్యా, మేనేజర్ ఎదురెదురుగా కూర్చున్నారు. మధ్యలో చిన్న గిన్నె. అత్తయ్య టీలోకి రోజూ పైకి వెళ్లే డ్యామేజీ అది. ఇద్దరూ అందులోంచి ఒక్కో ముక్కా తీసుకుంటూ, నోట్లో వేసుకుంటూ, చాలా సీరియస్‌గా మాట్లాడుకుంటున్నారు. ఇంట్లో దొంగ ఎవరై ఉంటారా అని.

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. గుమ్మంలోనే కూలబడి నవ్వా. నవ్వి నవ్వి కళ్లలోంచి నీళ్లు. అత్తయ్య భయపడిపోయి మా ఆయనకి ఫోన్ చేసింది, నీ పెళ్లానికి ఏదో అయింది, వ్యాన్ వెనక్కి తిప్పు అని.

జూలై 17

ఫ్యామిలీ మీటింగ్. నీలం డబ్బా మధ్యలో, చుట్టూ నలుగురం.

మా ఆయన ముందు ఒప్పుకోలేదు. ముక్కలేగా, ముక్కల్లో ఏముంటుంది, విరిగినప్పుడే సగం బలం పోతుంది అన్నాడు. ఇలాంటి మనిషికి లైసెన్స్ ఎవరిచ్చారో. మేనేజర్ వాళ్ల నాన్న వైపు తిరిగి, నాన్నా, గోదాముకి ముక్కా, మొత్తమా తేడా తెలుస్తుందా, దానికి కళ్లున్నాయా అంది. ఆయన డబ్బాలోకి తొంగిచూసి, లేవు అన్నాడు. లొంగిపోయాడు.

డాక్టరమ్మకి ఫోన్ చేసి చెప్పా. అవతలి నుంచి ఏదో గురగుర. లైన్ పాడైందేమోననుకున్నా. నవ్వుతోంది. కళ్లజోడు తీసి తుడుచుకుంటున్నానమ్మా, ఒక్క నిమిషం అంది. తర్వాత, రోజుకి అందులోంచి ఎంత పోతుంది లోపలికి అని అడిగింది. లెక్కలోకి రాదు కదండీ, తెలియదు అన్నా. మళ్లీ నవ్వింది. ఆఖర్లో మాత్రం నెమ్మదిగా, దొరికింది కదా, ఇంకా టైముంది, పిల్లని కొట్టు నుంచి పంపెయ్యకండి, డబ్బాని పంపెయ్యండి అంది.

మేనేజర్‌కి సారీ చెప్పా. ఊరికే ఒప్పుకుంటుందా. కండిషన్లు పెట్టింది. స్టూలు వెనక్కి రావాలి. మెడ ఎవరూ రుద్దకూడదు. దొంగ అన్న మాట వాపసు తీసుకోవాలి, నానమ్మతో సహా. నిన్నెప్పుడన్నానే అంది అత్తయ్య. అమ్మని అన్నారుగా, అమ్మకి కూడా చెప్పండి అంది. అత్తయ్య నాకు సారీ చెప్పింది నేస్తం. పెళ్లయినప్పటి నుంచి మొదటిసారి. ఈ జబ్బు వల్ల ఒక లాభం.

జూలై 26

కొత్త రూలు. రోజూ సాయంత్రం డ్యామేజీ తూచి, కవర్లో వేసి, సీలేసి, ముందు బల్ల మీద తక్కువ రేటుకి పెట్టడం. అంతా మేనేజర్ పర్యవేక్షణ.

కానీ ఒక వింత జరిగింది. తూద్దామంటే డ్యామేజీయే లేదు. తినకూడదు అన్న రోజు నుంచి కొట్టులో ఒక్క బిస్కెట్ విరగట్లేదు. మా ఆయన కార్టన్‌లని వ్యాన్‌లోంచి బాలింతని దింపినట్టు దింపుతున్నాడు. ఇంతకుముందు దభీమని పడేసేవాడు, అందులోనూ చాక్లెట్ వేఫర్ల కార్టన్‌లు.

మేనేజర్ స్టూలు మీంచి అందరి మొహాలూ వరసగా చూసింది. క్రీమ్ బిస్కెట్లే ఎందుకు ఎక్కువ విరిగేవో ఎవరైనా చెప్తారా అంది. మా ఆయన గోడకేసి చూశాడు. అత్తయ్య, వయసైపోయింది, ప్యాకెట్ చేతిలోంచి జారుతుంది అంది. అన్నిసార్లూ అదే ప్యాకెట్టా నానమ్మా అని మేనేజర్. నేను పటకారుతో బిస్కెట్లు తీసేటప్పుడు ఎందుకో కాస్త గట్టిగా నొక్కేదాన్ని. ఎందుకో ఏంటి, నాకు తెలుసు. మేనేజర్ చివర్లో గొంతు తగ్గించి, నేను మోచెయ్యి పెట్టేదాన్ని అంది.

నలుగురం దొంగలమే. ఒకళ్ల సంగతి ఒకళ్లకి తెలియదు, అంతే.

ఆగస్టు 8, సాయంత్రం

ఇప్పుడు ఇంకో తలనొప్పి. మేనేజర్ కస్టమర్లకి క్లాసులు మొదలుపెట్టింది. ఎవరైనా పిల్లాణ్ణి వెంటేసుకుని వస్తే చాలు, పొయ్యిలూ గోదాములూ అందుకుంటోంది. ఇవాళ ఒకావిడ ఫ్యామిలీ ప్యాక్ రెండు అడిగితే, రోజుకి ఎంతమంది తింటారు ఆంటీ, మీ బాబు మెడ ఒకసారి చూడనా అంది. ఆవిడకి ఎక్కడో కాలింది. బిస్కెట్లు అమ్ముతూ ఈ నీతులేంటమ్మా, ముందు నీ సంగతి చూసుకో అని విసురుగా వెళ్లిపోయింది. మేనేజర్ మొహం చిన్నబోయింది. నా సంగతే చూసుకుంటున్నాగా అంది, వెళ్లిపోయిన గుమ్మం వైపే చూస్తూ.

గొడుగుల బాబాయ్ తల బయటపెట్టి, నీ కూతురు నీ కొట్టు మూయించేదాకా నిద్రపోదమ్మాయ్ అన్నాడు. మీరు ఎండాకాలం గొడుగు కొనమంటారు, మా అమ్మాయి ఎప్పుడైనా బిస్కెట్ వద్దంటుంది, ఎవరి వ్యాపారం వాళ్లది బాబాయ్ అన్నా. అన్నా గానీ లోపల ఎక్కడో గుచ్చుకుంది. ఇది మా బతుకుతెరువు. మానలేను. కానీ బుల్లి పిల్లలు పెద్ద ప్యాకెట్ చూపిస్తే, చిన్నది కూడా ఉంది అని నోరు దానంతటదే అనేస్తోంది. వ్యాపారస్తులు చేసే పనేనా ఇది అంటాడు మా ఆయన. మొన్న ఆయనా అలాగే అంటుంటే విన్నా. తెలియనట్టు ఊరుకున్నా.

మేనేజర్‌కి రూలు పెట్టా. అడిగితేనే చెప్పాలి. అడక్కుండా మెడలు చూడకూడదు.

ఆగస్టు 21

డాక్టరమ్మ హాస్పిటల్లోనే పిల్లల మీద ఒక పరిశోధన చేస్తున్నారట, కణాల్లో పొయ్యిలు ఎలా మండుతున్నాయో చూడ్డానికి. ఇష్టమైతేనే రమ్మన్నారు. ఇష్టమో కాదో మేనేజర్‌ని అడగండి అన్నా. ఆవిడ, మా ఇంటి రిపోర్టు మాకు కూడా ఇస్తేనే అంది.

ఇవాళ వెళ్లాం. మొహానికి మాస్కు, ఛాతీకి వైర్లు, కదలని సైకిల్. తొక్కుతుంటే ఊపిరిలోంచి ఏం వస్తోందో మిషన్ కొలుస్తుంది. అక్కడున్న సైకిల్ మేడమ్ ఇంకొంచెం, ఇంకొంచెం అని అరుస్తుంటే మేనేజర్ మాస్కులోంచే ఏదో అరిచింది. ఆపమంటోందేమోనని నేను పరిగెత్తా. కాదట. అద్దం ఆవలి నుంచి చూస్తున్న వాళ్ల నాన్నని, ఊరికే నిలబడకుండా మీరూ తొక్కండి అని.

తొక్కాడు నేస్తం. పక్క సైకిల్ ఖాళీగా ఉందని ఎక్కాడు. రెండు నిమిషాలకే కిందికి దిగి, నా పొయ్యిలన్నీ ఆరిపోయాయండీ అని సైకిల్ మేడమ్‌కి రిపోర్ట్ చేశాడు.

సెప్టెంబర్ 9, ఉదయం

రక్తం ఇచ్చేసి వచ్చాం. రిజల్టు ఎల్లుండి. రాత్రంతా నిద్ర లేదు. ఏమీ తినబుద్ధి కావట్లేదు. ఒకవేళ దిగకపోతే? ఇంత నడిచి, ఇంత మానేసి, ఇంత గొడవపడి, దిగకపోతే పిల్ల మొహం ఎలా చూడను? మేనేజర్‌ని అడిగా, భయమేస్తోందా అని. నాకెందుకు, నా పని నేను చేశా, ఇప్పుడు పొయ్యిలు వాటి పని చెయ్యాలి అంది. అని నా కొంగు పట్టుకునే స్కూలుదాకా నడిచింది. ఆటో ఎక్కుదామా అంటే వద్దంది.

సెప్టెంబర్ 11

దిగింది!!!

పూర్తిగా కాదు. ఇంకా కొంచెం ఎక్కువే. కానీ బాగా దిగింది, మాత్రల మాట ఇప్పుడొద్దు, ఆరు నెలల తర్వాత మళ్లీ చూద్దాం అంది డాక్టరమ్మ. బరువు ఇంచుమించు అదే. నేను నీరసపడబోతే, అమ్మా, బరువు నిలిచింది, పిల్ల పొడుగైంది, లోపల తలుపులు తెరుచుకుంటున్నాయి, కాటా ఒక్కటే చూడకండి అంది. కాటా నమ్మకండి అని ఒక కొట్టుదానికి చెప్పడానికి ఎంత ధైర్యం కావాలి.

మేనేజర్ రిపోర్టు తీసుకుని రెండుసార్లు చదివి, ఇది ఫ్రేము కట్టిద్దాం అంది. అక్కడే ఆగితే బాగుండేది. డాక్టరమ్మ, మీ ఇద్దరూ కూడా ఒకసారి చూపించుకోండి, ఇలాంటివి ఇంట్లో ఒక్కరికే ఉండవు అంది. నా మెడ వైపు కూడా చూసినట్టుంది. కొంగు కప్పుకున్నా.

మా ఆయన రేపే వెళ్లి రక్తం ఇచ్చేసి వస్తానన్నాడు.

సెప్టెంబర్ 19, మధ్యాహ్నం

మా ఆయనకి కొంచెం ఎక్కువుందట, పెద్ద భయం లేదట. నన్ను వెళ్లమని పోరు. వెళ్తా. సోమవారం సరుకు దిగింది, కుదరలేదు. మంగళవారం అత్తయ్య మోకాళ్ల డాక్టర్. బుధవారం పరగడుపున లేవగానే మర్చిపోయి టీ తాగేశా. గురువారం గుర్తుండే తాగా. నాకేమైంది, దుక్కలా ఉన్నా. పిల్ల రిపోర్టు వచ్చేదాకా నా గురించి ఆలోచించడానికి టైం లేదు అనేదాన్ని. ఇప్పుడు ఆ సాకు కూడా లేదు. సూది అంటే భయమా అని మేనేజర్ అడిగింది. సూదంటే కాదు. ఆ కాగితం మీద ఏముంటుందో అని. ఆ మాట దానికి చెప్పలేదు. నీకు చెప్తున్నా.

వచ్చే వారం చూద్దాం.

సెప్టెంబర్ 27, ఉదయం

నమస్తే ఆంటీ. నేను మేనేజర్ని. అమ్మ ఫోన్ కౌంటర్ మీద పెట్టి స్నానానికి వెళ్లింది. మీకు రాసినవన్నీ ఈ ఫోన్ నోట్స్‌లోనే ఉన్నాయి, ఒక్కటీ రాలేదు కదా మీకు. సెండ్ కొట్టడం మర్చిపోయినట్టుంది. ఆలస్యానికి కొట్టు తరఫున సారీ.

అమ్మ తన రక్తం పరీక్షకి వెళ్లట్లేదు. నేను చెప్తే నువ్వు చిన్నపిల్లవి అంటుంది. నాన్న చెప్తే వినే అలవాటు లేదు. నానమ్మ చెప్తే గొడవవుతుంది. అన్నీ మీకే చెప్పుకుంటుంది కాబట్టి మీ మాట వింటుందనుకుంటున్నా. నేనొక్కదాన్నే లాక్కెళ్లలేను, ఆవిడ బరువు. ఒక చెయ్యి మీరు, ఒక చెయ్యి నేను. ల్యాబ్ ఏడింటికే తెరుస్తారు.

మీరు ఎప్పుడొస్తారు ఆంటీ?